అనుభవమునకు పైచదువు

వారమంతయు వేరొక వృత్తి చేసుకొని శని ఆదివారములలో మాత్రమే రేసుకారు నడుపు ఔత్సాహికునికి, ఆరేడేండ్ల అనుభవము కలిగిన పిమ్మట, తరచుగా ఒక విచిత్రమైన స్థితి ప్రాప్తించును. మొదటి ఏడు అతని చుట్టుకాలము సెకనుల లెక్కన తగ్గును. రెండవ ఏడు అరసెకను లెక్కన తగ్గును. మూడవ ఏడు పదవవంతుల కొరకే పెనుగులాట. ఆ తరువాత కొత్త టైర్లు తొడిగినను, ఇంజను విప్పి బిగించినను, తుదకు కారునే మార్చినను, తన తరగతిలో ముందుండు నలుగురికిని తనకును నడుమ నున్న సెకనో సెకనున్నరయో మాత్రము చెక్కుచెదరక నిలిచియుండును. బాటను ఎరుగును, కారును ఎరుగును, నియమములను ఎరుగును. ఆ సెకను ఎచ్చట పోవుచున్నదో అదొక్కటి మాత్రము ఎరుగడు.

ఇట్టివారి కథకు అమెరికా అనువైన రంగము. అచ్చట 1944 లో స్థాపింపబడిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా అను సంఘము ఔత్సాహికుల పందెములను దేశమంతట నడుపుచున్నది. దంతవైద్యుడును, గ్యారేజీ యజమానియు, కళాశాల అధ్యాపకుడును ఒకే గీతపై కార్లు నిలుపుకొందురు. ఏటేట రన్‌ఆఫ్స్ అను జాతీయ పోటీలో వారి విజేతలు తేలుదురు. వారు ఆడునది రోడ్ రేసింగు. అనగా గ్రుడ్డు ఆకారపు బాటపై ఎడమకే తిరుగుచుండు పందెము గాక, కుడియెడమల మలుపులును, ఎత్తుపల్లములును, పొడవుపొట్టి తిన్నని భాగములును గల బాటపై జరుగు పందెము. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగరపు గట్టున విద్యుత్ కార్లు పరుగిడుట చూచిన తెలుగువారికి ఈ జాతి పందెము ఎట్లుండునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ విద్య నేర్పు పాఠశాలలకు కొదువలేదు. ఇంగ్లండులో జిమ్ రసెల్ అను చోదకుడు 1950 ల నాడే స్నెటర్టన్ బాటపై పాఠశాల పెట్టెను. అమెరికాలో బాబ్ బాండ్యురాంట్, 1967 లో వాట్‌కిన్స్ గ్లెన్ వద్ద స్టీరింగు భాగము విరిగి ఘోరప్రమాదమునకు లోనై, మంచముపై కోలుకొనుచున్న నాళ్లలో ఆలోచించి, మరుసటి ఏడు తన పాఠశాలను ప్రారంభించెను. స్కిప్ బార్బర్ పాఠశాల 1975 లో పుట్టినది. కొత్తగా వచ్చువానికి ఇట్టివానిలో ఏది యెంచుకొన్నను పెద్ద భేదము లేదు. బ్రేకు ఎట్లు వేయవలెను, గేరు ఎట్లు మార్చవలెను, మలుపులో ఏ గీత పట్టవలెను అను ప్రథమ పాఠములు అన్నిచోట్లను ఇంచుమించు ఒకటే. చిక్కెల్ల రెండవసారి చదువబోవువానిది. వానికి తెలిసినది చాల, తెలియనిది కొంచెము, ఆ కొంచెము ఒక్కొక్కనిలో ఒక్కొక్క చోట దాగియుండును. అందుచేత పైచదువును ఎంచుకొనుట అంగడిలో సరకు నెంచుకొనుట వంటిది కాదు. వైద్యమునకు ముందు రోగనిర్ణయము జరుగవలసిన వ్యవహారము.

అభివృద్ధి నిలిచిపోవు ఈ దశను శాస్త్రజ్ఞులు రేసుకార్లు పుట్టిన తొలినాళ్లలోనే, వేరొక విద్యలో గమనించిరి. ఇండియానా విశ్వవిద్యాలయమునకు చెందిన బ్రయన్, హార్టర్ అను ఇరువురు 1897 లోను 1899 లోను తంతి గుమాస్తాల శిక్షణపై ప్రకటించిన వ్యాసములలో, సంకేతములను విని గ్రహించు వేగము కొంతకాలము పెరిగి, పిమ్మట వారములకొలది చదునుగా నిలిచి, మరల పైకి లేచుచుండుట గీతలు గీచి చూపిరి. అక్షరమక్షరముగా వినుట అలవాటైనవాడు పదము పదముగా వినుట నేర్చుకొనుచున్నంత కాలము పైకి ఏమియు కదలినట్లు కనబడదని వారి వ్యాఖ్య. ఈ చదును అందరికిని తప్పనిసరి కాదని తరువాతివారు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణయే మన చోదకునికి ఆశ కలిగించునది. ఏలన, చదును నేర్చుకొనుటలోని సహజావస్థ గానిచో అది నేర్చుకొను పద్ధతిలోని లోపమై యుండవలెను, లోపమైనచో దిద్దవచ్చును.

లోపము సాధారణముగా ఎచ్చట నుండునో తెలియుటకు టైరు కడకు పోవలెను. కారునకును భూమికిని గల సంబంధమంతయు నాలుగు అరచేతులంత రబ్బరు తునకలపై ఆధారపడియున్నది. ఆ రబ్బరు నేలను పట్టుకొను బలమునకు ఒక గరిష్ఠ పరిమితి కలదు. ఆ బలమును వేగము తగ్గించుటకు వాడవచ్చును, పెంచుటకు వాడవచ్చును, పక్కకు తిరుగుటకు వాడవచ్చును, లేదా ఏకకాలమున రెండింటికి పంచవచ్చును. ముందువెనుకల బలమును నిలువు గీతపైనను, పక్కబలమును అడ్డగీతపైనను గుర్తించినచో, పరిమితి సుమారుగా వృత్తాకారము దాల్చును, దీనినే ఘర్షణవృత్తమందురు. ఇచ్చట సామాన్యబుద్ధిని మోసగించు విషయమొకటి కలదు. బ్రేకు కొరకు పట్టులో నూటికి ఎనుబది పాళ్లు వాడుచున్నప్పుడు తిరుగుటకు ఇరువది పాళ్లే మిగులునని ఎవరికైనను తోచును. కాని బలములు సదిశరాశులు. అవి పైథాగరసు సిద్ధాంతము ననుసరించి కలియునే గాని కిరాణా పద్దులవలె కలియవు. ఎనుబది వాడినప్పుడు మిగులునది అరువది. అరువది వాడినప్పుడు మిగులునది ఎనుబది.

అనుభవజ్ఞుడైన ఔత్సాహికుని సెకనులో పెద్దభాగము ఈ లెక్కలోనే కరగిపోవుచుండును. కొత్తగా చేరిననాడు గురువు అతనికి చెప్పినది: తిన్నని భాగమునందే బ్రేకు ముగించి, పిమ్మట స్టీరింగు త్రిప్పుము. ఆనాటికి అది ప్రాణరక్షకమైన ఉపదేశము. ఆరేండ్ల తరువాతను అతడు దానినే పాటించుచు, గట్టిగా బ్రేకు వేసి, పాదమును చటుక్కున తీసివేసి, ఒక అరక్షణము ఏమియు చేయక, అటుపిమ్మట చక్రము త్రిప్పును. ఆ అరక్షణము టైరు పని లేక ఊరకున్నది. అంతతో పోక, పాదమును చటుక్కున తీయగనే కారు ముక్కు పైకి లేచును. ముందుటైర్లపై నున్న భారము వెనుకకు సంక్రమించును. సరిగా ముందుటైర్లను తిరుగుమని అడుగు సమయముననే వాని పట్టు తగ్గును. కారు మలుపులోనికి రాక వెలుపలికి తోసుకొనిపోవును. చోదకుడు కారును నిందించి స్ప్రింగులు మార్పించును. తప్పు స్ప్రింగులో లేదు, మడమలో ఉన్నది. నిపుణుడు బ్రేకును మలుపులోనికి కొనిపోయి, చక్రము త్రిప్పినకొలది పాదమును వదలుచు, వృత్తపు అంచు వెంబడి జారును. ఇద్దరి కొలతలను కాగితముపై చుక్కలుగా పెట్టినచో, ఔత్సాహికుని చుక్కలు కూడిక గుర్తువలె నిలువుగను అడ్డముగను ప్రోగుపడును. నిపుణుని చుక్కలు వృత్తపు క్రిందిసగము నిండ పరచుకొనును. పైసగము మాత్రము, వేగము పెంచు శక్తి ఇంజనును బట్టి యుండును గనుక, ఇద్దరికిని కురుచగనే యుండును. నేటి కార్లలో అమర్చుకొను చిన్న నమోదుయంత్రములు ఈ పటమును నిమిషములో గీయగలవు. తన పటమును ఒకమారైనను చూచుకొనక పైచదువునకు డబ్బు కట్టినవాడు, నాడి చూపించుకొనక మందు కొన్నవాడే.

రెండవ నష్టము మలుపు నుండి వెలువడుచోట. కనెక్టికట్ రాష్ట్రములో 1957 లో తెరచిన లైమ్ రాక్ పార్క్ అను బాట ఇందుకు చక్కని పాఠశాల. దాదాపు ఒకటిన్నర మైలు పొడవుగల ఆ చిన్న బాటపై చివరి మలుపు కొండదిగువకు వాలి, అడుగున కారును నేలకు అదిమిపట్టి, బాటలోని మిక్కిలి పొడవైన తిన్నని భాగములోనికి విడిచిపెట్టును. అట్టి మలుపులో సంపాదించిన వేగము తిన్నని భాగమంతయు వెంట వచ్చును. ఊహకు ఒక లెక్క వేయుదము: గంటకు 120 కిలోమీటర్ల వేగముతో మలుపు వదలి, 400 మీటర్ల దూరము సెకనుకు సెకనుకు 3 మీటర్ల త్వరణముతో పోవువాడు 8.64 సెకనులు తీసికొనును. 122 తో వదలినవాడు 8.56. భేదము సెకనులో నూటికి ఎనిమిది పాళ్లు, కంటికి ఆననిది. ఇరువది చుట్లలో అది 1.6 సెకను, గంటకు 150 కిలోమీటర్ల వేగమున అరువది మీటర్లకు పైమాట. రెండు కిలోమీటర్ల వేగభేదమును స్పీడోమీటరు ముల్లు చూచి చోదకుడు గ్రహింపజాలడు. ఒడలు కూడ దానిని చెప్పదు. సాహసముగా తోచిన చుట్టే వేగమైన చుట్టని ఒడలు బొంకును. గడియారము తరచుగా వేరుమాట చెప్పును.

ఈ విషయములను లెక్కలతో పట్టుకొనినవారిలో ఇంజనీర్లు ముందుండుట ఆశ్చర్యము కాదు. ఇటలీకి చెందిన పియెరో తరుఫ్ఫీ, 1957 లో జరిగిన తుది మిల్లె మిల్యా పందెమును గెలిచినవాడు, ఇంజనీరు; మలుపుల గీతలను జ్యామితితో వివరించు గ్రంథమును రచించెను. అమెరికాలో మార్క్ డానహ్యూ యంత్రశాస్త్ర పట్టభద్రుడు. ఔత్సాహికుల పందెములలోనే తన ప్రస్థానమును ప్రారంభించి, 1972 లో ఇండియానాపొలిస్ 500 మైళ్ల పందెమును గెలుచువరకు పోయిన ఆ మనుష్యుడు, చదునైన మైదానముపై వలయము గీచి దానిచుట్టు గంటలకొలది కారు త్రిప్పి, పట్టు కొలిచి, సరిదిద్ది, మరల కొలుచుచుండెడివాడు. ఈ వలయాభ్యాసమును నేటి పాఠశాలలు కొత్తవారి ఆటగా కొంత తేలికచేసినవి గాని, నా మతమున అనుభవజ్ఞునికి దానికంటె చవకయైన గురువు లేడు. ముప్పది మీటర్ల వ్యాసార్థముగల వలయముపై, గురుత్వత్వరణమునకు సమానమైన పక్కత్వరణము కలుగుటకు గంటకు 62 కిలోమీటర్ల వేగము చాలును. తడినేలపై పట్టు సగమైనచో 44 చాలును. 180 కిలోమీటర్ల వేగమున మలుపులో తెలియవచ్చు హద్దే ఇచ్చటను తెలియును. కాని గతిశక్తి వేగపు వర్గము ననుసరించును గనుక, తప్పిననాడు మోయవలసిన శక్తి ఇంచుమించు ఎనిమిదవవంతు మాత్రమే. పదేండ్లు రేసులాడియు, టైరు జారుటకు మొదలిడిన క్షణమున చక్రము చేతిలో తేలికయగుటను గుర్తింపలేని చోదకులు కలరు. వారికి వేగము నేర్పరాదు. ముందు ఆ తేలికను నేర్పవలెను.

కన్ను సంగతి మరియొకటి. ఇంగ్లండుకు చెందిన మైకేల్ లాండ్ అను శాస్త్రజ్ఞుడు, 1994 లో సహచరునితో కలిసి, సామాన్యచోదకులు వంపు తిరుగునప్పుడు బాట లోపలి అంచు మిక్కిలి ముందుకు పొడుచుకొని కనబడు బిందువుపై చూపు నిలుపుదురని తెలిపెను. తరువాత అతడును టాట్లర్ అను మరియొకరును, ప్రపంచవిజేత జోడీ షెక్టర్ కుమారుడైన టామస్ షెక్టర్ మాలరీ పార్క్ బాటపై వేగముగా నడుపుచుండగా అతని కన్నులను తలను చిత్రించి, 2001 లో ఫలితములు ప్రకటించిరి. అతని తల తిరిగిన కోణము, ఇంచుమించు ఒక సెకను తరువాత కారు ఎంత వడిగా తిరుగబోవునో సూచించుచుండెను. అనగా అతని దేహము ప్రస్తుతమున గాక రాబోవు సెకనులో నివసించుచున్నది. గంటకు 200 కిలోమీటర్ల వేగమున ఆ సెకను దాదాపు 56 మీటర్లు. చూపు దగ్గరకు పడిపోవు అలవాటు గలవానికి పాదముల పాఠమెంత చెప్పినను వ్యర్థము. వానికి అన్నియు ఆకస్మికములే, గనుక అన్నియు తొందరలే.

దోషము తెలిసినంత మాత్రమున పోవునా? పోదు. ఆరేడేండ్లలో అది అలవాటుగా గట్టిపడినది. మనస్సు దానిని విచారింపకయే నడుపుచున్నది. కీర్తనను ప్రతిదినము ఆద్యంతము వాయించుచు అనుపల్లవిలో ఒకేచోట అపస్వరము పలికించు వైణికుడు, ఆ అపస్వరమును కూడ సాధన చేయుచున్నాడు. బాటపై ఇరువది చుట్లు ఏకధాటిగా తిరుగు దినములు, ఎంత ఖరీదైనవైనను, ఈ కోవకు చెందినవే. పైగా అభ్యాసమును గూర్చిన పరిశోధనలు లోకసమ్మతమునకు విరుద్ధముగా చెప్పునవి రెండు కలవు. షీ, మోర్గన్ అనువారు 1979 లో, కొన్ని కదలికలను ఒకదాని తరువాత నొకటి గుంపులుగా నేర్చినవారిని, కలగాపులగముగా నేర్చినవారిని పోల్చిరి. గుంపులుగా నేర్చినవారు శిక్షణలో చురుకుగా కనబడిరి. పది దినముల తరువాత పరీక్షింపగా కలగాపులగము వారిదే పైచేయి. 1990 లో విన్‌స్టీన్, ష్మిట్ అనువారు, ప్రతి ప్రయత్నము తరువాతను ఫలితము చెప్పబడినవారి కంటె, సగము ప్రయత్నములకే చెప్పబడినవారు విద్యను ఎక్కువ నిలుపుకొందురని చూపిరి. గురువు నోట నిరంతరము మాట వచ్చుచుండినచో శిష్యుడు ఆ మాటను వినుట నేర్చును గాని కారును వినుట నేర్వడు.

ఈ వెలుగులో అంగడిలోని శిక్షణలను చూడవలెను. ఆరువందల అశ్వశక్తుల కారును ఒక దినము చేతికిచ్చి పైతరగతి యని పేరు పెట్టునది చదువు కాదు, విహారము. శక్తిగల ఇంజను మలుపులోని తప్పును తిన్నని భాగములో కప్పిపుచ్చును. బలహీనమైన కారు అట్టి దాక్షిణ్యము చూపదు. పోగొట్టుకొన్న వేగమును తిరిగి ఇచ్చుటకు దాని కడ ఏమియు లేదు. కావున మూడేండ్లుగా పెద్దకారు నడుపుచున్నవాడు పాఠశాలవారి చిన్నకారులో కూర్చుండుటకు సిగ్గుపడరాదు. పాఠశాల కార్లలో మరియొక లాభము కూడ కలదు: అన్నియు ఒకే తీరువి గనుక, వెనుకబడినవానికి సాకు దొరకదు. ఔత్సాహికునికి సాకు లేకుండ చేయుట సగము వైద్యము.

గురువు ముందు కారులో పోవుచుండ శిష్యులు వరుసగా వెంబడించు పద్ధతి ఒకటి బహుళముగా అమలులో నున్నది. గీత తెలిసికొనుటకు అది మంచిదే. కాని అనుభవజ్ఞునికి గీత ఇదివరకే తెలుసును. అతనికి కావలసినది గురువు బ్రేకును ఎట్లు వదలుచున్నాడన్నది. ముందు కారు ఎర్రదీపము బ్రేకు ఎప్పుడు పడెనో చెప్పును గాని, పాదము ఎంత నెమ్మదిగా తేలిపోవుచున్నదో చెప్పదు. చివరి చిటికెడు ఒత్తిడి వరకును అది ఒకే కాంతితో వెలుగుచుండును. దీనికంటె, శిష్యుని కారునే, అవే టైర్లతో, అదే పూట గురువు మూడు చుట్లు నడిపి, ఇరువురి వేగరేఖలను ఒకదానిపై నొకటి పరచి చూపు ఏకాంతశిక్షణ ఎన్నియో రెట్లు మేలు. భేదము ఏ మలుపులో, ఎన్ని మీటర్ల మేర, ఎందుచేత కలిగెనో అప్పుడు వాదమునకు తావుండదు. ఖర్చు ఎక్కువే, కాని ఇద్దరు ముగ్గురు మిత్రులు కలిసి ఒక గురువును పంచుకొనవచ్చును, ఒకరి రేఖ చూచి మరియొకరును నేర్వవచ్చును.

గురువు గొప్పవిజేతయై యుండవలెనా? నాకట్లు తోచదు. విద్య అలవాటుగా స్థిరపడిన కొలది దానిని మాటలలో పెట్టు శక్తి సన్నగిల్లుట మానవస్వభావము; నాకు అట్లే వచ్చునని చెప్పు విజేతకంటె, తాను కష్టపడి నేర్చి, ఎచ్చట కష్టపడెనో మరువని మధ్యతరగతి చోదకుడు మంచి బోధకుడు కాగలడు.

కృత్రిమచాలన యంత్రములను తీసిపారవేయు పెద్దలు కలరు. 2008 లో ప్రజలకు అందిన ఐరేసింగ్ వంటివానిలో బాటలు లేసరు కిరణములతో కొలిచి నిర్మింపబడినవి. లైమ్ రాక్ కూడ వానిలో నున్నది. చెవి లోపలి సమతౌల్యేంద్రియమునకు గాని, వీపునకు గాని, భయమునకు గాని అచ్చట పని లేదు. గనుక జారుటను పసిగట్టుట అచ్చట నేర్వరాదు. అయితే చూపును ముందుకు పంపుట, పాదమును నెమ్మదిగా వదలుట, కొత్తబాటను జ్ఞాపకమునకు తెచ్చుకొనుట అను మూడింటికి అది ఇంటిపట్టున దొరకు సాధనము.

వయస్సు మీరినదని జంకువారికి ఒక్క నిదర్శనము చాలును. నటుడు పాల్ న్యూమన్ 1969 లో వెలువడిన ఒక రేసుచిత్రము మూలమున నలుబది దాటిన పిమ్మట ఈ విద్యలో అడుగిడి, 1976 లో ఔత్సాహికుల జాతీయవిజేతయై, 1979 లో ఏబదినాలుగేండ్ల వయస్సున ల మాన్ పందెమున తన జట్టుతో రెండవస్థానము గడించి, 1986 లో అరువది దాటియు మరల జాతీయవిజేత యయ్యెను.

పాఠకుడు చోదకుడైనచో, డబ్బు కట్టుటకు ముందు శిక్షణ నిచ్చువారిని మూడు సంగతులు అడుగవలెను. నా వెనుకటి నమోదులను మీరు ముందుగా చూతురా? దినములో ఎంతసేపు నడిపింతురు, ఎంతసేపు నడిపినదానిని పరిశీలింతురు? మధ్యాహ్నము తరువాత మీ గురువు మౌనముగా కూర్చుండగలడా? మూడింటికిని సూటియైన సమాధానము రాని చోట, ఆ సొమ్ముతో ఒక జత టైర్లు కొని, వానదినమున అనుమతి గల చదునుపై అవి అరుగువరకు వలయములు తిరుగుట మేలు.